తిన్నదంతా ఒంటబడుతుందా?

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు నడిస్తే దారిలోనే జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ ఇది. మనం తినే పదార్థాలలో ఏది ఎంత ఉందో చెప్పే పట్టికలు ఇక్కడే తయారవుతాయి. 2017లో వెలువడిన పట్టికలలో 528 పదార్థాల వివరాలున్నాయి. మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాలతో పాటు 'ఫైటేట్' అనే దాని లెక్క కూడా అందులో ఇచ్చారు. ఫైటేట్ మనకు బలమిచ్చేది కాదు. పైగా ఇతర ఖనిజాలను పట్టుకుని వదలనిది. మరి పోషకాల పట్టికలో దీనికి చోటెందుకు?

దీనికి జవాబు మనిషి కడుపులో కంటే కోడి కడుపులో తేలికగా దొరుకుతుంది.

కోడిగుడ్డు పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. ఒక్క పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది. అప్పుడు కోడి మేత తినదు కదా! పేగుల నుంచి వచ్చే కాల్షియం చాలనప్పుడు తన ఎముకల లోపల దాచుకున్న దానిని కరిగించి వాడుకుంటుంది. ఎముకలోని కాల్షియం భాస్వరంతో జతకట్టి ఉంటుంది. కాల్షియం పెంకులోకి పోతుంది. విడిపోయిన భాస్వరంలో చాలా భాగం రెట్టలో బయటికి పోతుంది. మర్నాడు ఆ ఎముకను మళ్లీ కట్టుకోవాలంటే మేతలో భాస్వరం అందాలి. అందకపోతే ఎముకలు గుల్లబారి, చివరికి కోడి కాళ్ల మీద నిలబడలేదు.

పిల్లలకోసం గుడ్లు పెట్టే బ్రీడర్ కోళ్ల సంగతి ఇంకా ముఖ్యం. గుడ్డులోని పిల్ల 21 రోజులలో తన ఎముకలు కట్టుకోవాలి. అందుకు కావలసిన కాల్షియాన్ని చాలావరకు పెంకు నుంచి తీసుకుంటుంది. భాస్వరం మాత్రం పచ్చసొన నుంచి రావాలి. తల్లి ముందుగా కట్టి ఇచ్చిన మూట తప్ప ఆ పిల్లకు వేరే దిక్కు లేదు.

ఇక లెక్క చూద్దాం. మాంసపు జాతి బ్రీడర్ కోడికి రోజుకు ఒంటబట్టే రూపంలో 350 మిల్లీగ్రాముల భాస్వరం కావాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో చెప్పింది. అలాంటి కోడి రోజుకు 150 గ్రాముల దాణా తింటుందనుకోండి. దాణాలో ఎక్కువ భాగం మొక్కజొన్న, సోయా చెక్క. వీటిలోనే సుమారు 500 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటుంది. అంటే కావలసిన దానికంటే ఎక్కువే! అయినా కోడికి చాలదు. ఎందుకంటే గింజలలోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బంధించబడి ఉంటుంది. ఒక్కొక్క ఫైటిక్ ఆమ్లం అణువులో ఆరు ఫాస్ఫేట్ గుంపులుంటాయి. అది మొక్క తన మొలక కోసం దాచుకున్న సొత్తు. గింజ మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైము పుట్టి ఆ తాళం తీస్తుంది. గేదె కడుపులోని సూక్ష్మజీవుల దగ్గర కూడా ఆ తాళంచెవి ఉంది. కోడి దగ్గర చాలినంత లేదు. మన దగ్గర కూడా లేదు.

ఈ చిక్కును దాటడానికి కోళ్లఫారాలవాళ్లు దాణాలో డై కాల్షియం ఫాస్ఫేట్ కలుపుతూ వచ్చారు. 'కొంచెం ఎక్కువే వేద్దాం, పోయేదేముంది?' అన్నది మామూలుగా వినిపించే మాట. నాకు అభ్యంతరం ఇక్కడే. పోయేది చాలా ఉంది. ఆ పొడి ఎక్కువగా రాక్ ఫాస్ఫేట్ అనే రాతి నుంచి వస్తుంది. ప్రపంచ నిల్వలలో పెద్ద భాగం మొరాకో వైపే ఉంది. మనకు రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర కొంత దొరికినా, ఎక్కువ భాగం కొనుక్కోక తప్పదు. పొలాలకు వేసే ఎరువు కూడా ఆ రాతి నుంచే రావాలి. ఒకసారి తవ్వి తీస్తే ఆ రాయి మళ్లీ మన కాలంలో పుట్టదు. కోడికి ఒంటబట్టనిది రెట్టలో పోతుంది. ఆ రెట్టను పొలం పీల్చుకోగలిగిన దానికన్నా ఎక్కువగా చల్లితే, వానకు కొట్టుకుపోయి చెరువులలో నాచును పెంచుతుంది. హుస్సేన్‌సాగర్ నీరు పచ్చబడటం చూశారు కదా! అక్కడ ముఖ్య దోషం మురుగునీటిది, కోళ్లది కాదు. కాని నాచుకు భాస్వరం ఎక్కడి నుంచి వచ్చినా ఒకటే.

రాతిపొడి గుమ్మరించడం కంటే తాళంచెవి ఇవ్వడం మేలు. ఫైటేజ్‌ను 1907లోనే జపాను శాస్త్రజ్ఞులు బియ్యపు తవుడులో కనుగొన్నారు. కాని దాణాలో కలపడానికి వీలుగా, బూజు జాతి జీవుల ద్వారా తయారుచేసిన ఫైటేజ్ 1991లో గాని బజారుకు రాలేదు. కోళ్ల, పందుల పెంటలోని భాస్వరంతో నేల, నీరు పాడవుతున్నాయని నెదర్లాండ్స్‌లో ప్రభుత్వం గట్టిగా పట్టుకున్న రోజులవి. మన నగరానికి ఆ చివర, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో కూడా ఈ పని జరిగింది. భాస్వరం తగ్గించిన దాణాలో ఫైటేజ్ కలిపి పెట్టి, గుడ్ల సంఖ్య, పెంకు, కాలి ఎముక ఎలా ఉన్నాయో అక్కడి శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. తార్నాకలో మనుషుల కోసం అడుగుతున్న ప్రశ్నే రాజేంద్రనగర్‌లో కోళ్ల కోసం అడిగారన్నమాట.

అయితే ఎంజైము మంత్రం కాదు. దాణాను గుళికలుగా చేసేటప్పుడు వేడి మితిమీరితే అది చెడిపోతుంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో సున్నపురాయి ఎక్కువ వేస్తారు. ఆ కాల్షియం ఫైటేట్‌తో కలిసి గట్టిపడి ఎంజైముకు పని చెయ్యడం కష్టం చేస్తుంది. అందుచేత 'ఎంజైము వేశాం, ఇక డై కాల్షియం ఫాస్ఫేట్ మానేద్దాం' అనడం కూడా తొందరపాటే. ఆ పొదుపు కోడి ఎముకల నుంచే వసూలవుతుంది. ఎంత తగ్గించవచ్చో కొలిచి తగ్గించాలి.

మన పాఠ్యపుస్తకాల మీద కూడా నాకు చిన్న ఫిర్యాదు ఉంది. ఏ గింజలో ఎన్ని మిల్లీగ్రాముల ఇనుము, ఎంత భాస్వరం అని బట్టీ పట్టిస్తాం. అందులో ఒంటబట్టేదెంత అని అడగం. మన గింజలలోని ఇనుము, జింకు కూడా ఈ ఫైటేట్ చేతిలోనే చిక్కుకుంటున్నాయి. పెసలు మొలకెత్తించడం, ఇడ్లీ పిండి పులియబెట్టడం, రాగులు మొలకగట్టి ఎండబెట్టి పిండి చెయ్యడం—ఇవన్నీ ఫైటేట్‌ను తగ్గించే పనులే. ఫైటేజ్ పేరు వినకుండానే మన అమ్మమ్మలు దానిచేత పని చేయించుకున్నారు.

మీ ఊళ్లో కోళ్లఫారం ఉంటే పెద్దలను అడిగి దాణా సంచిని ఒకసారి చూడండి. దాని మీద మొత్తం భాస్వరం ఎంతో ఒక్క అంకె మాత్రమే ఉంటే, ఒంటబట్టేది ఎంతో చెప్పే రెండో అంకె ఏదని అడగండి.