గీత చెరిపి గెలిచిన గెలుపు

ఆట ముగియవచ్చే వేళ నియమం మార్చి, ఆనక “నియమం ప్రకారమే గెలిచాను” అనేవారిని ఏమనాలి? న్యూయార్క్ నగరంలో 2009లో జరిగిన మేయరు ఎన్నికను తలచినప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురవుతుంది.

మేయరు వరుసగా రెండు పర్యాయాలకు మించి పదవిలో ఉండరాదని ఆ నగర ఓటర్లు 1993లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా నిర్ణయించారు. ఆ పరిమితిని సడలించాలన్న ప్రతిపాదనను 1996లో తిరస్కరించారు. ప్రజలు రెండుసార్లు తీర్పు చెప్పినా, 2008 అక్టోబరులో నాటి మేయరు మైఖేల్ బ్లూంబర్గ్ నగర మండలి చేత 29–22 ఓట్లతో మూడో పర్యాయానికి ద్వారం తెరిపించుకున్నారు. ఆ ఓటుతో మండలి సభ్యుల గడువు సైతం పెరిగింది. లబ్ధి పొందేవారే న్యాయనిర్ణేతలైనారు!

ఆర్థిక సంక్షోభంలో అనుభవజ్ఞుడు అవసరమన్నారు. ఇష్టం లేకుంటే ఓటర్లే ఓడిస్తారన్నారు. ప్రజలపై అంత నమ్మకమే ఉంటే, నియమం మార్చే ముందు వారినే అడగడానికి వెరపెందుకు? పదికోట్ల డాలర్లకు పైగా సొంత సొమ్ము వెచ్చించి కూడా ఆయన విలియం థాంప్సన్‌పై 5 శాతం లోపు ఆధిక్యంతోనే గట్టెక్కారు.

ఫెడరల్ న్యాయస్థానాలు 2009లో ఆ మార్పును సమర్థించాయి. న్యాయవాదిగా ఆ తీర్పును కాదనను. అయితే చట్టం అడ్డుకోనిదంతా ధర్మం కాజాలదు.

ఇందులో మనకు పాఠమున్నది. ఇంగ్లీషు అంతగా రాని నగరవాసులు ఎక్కువగా మాట్లాడే ఆరు భాషలలో నగర సేవలు అందాలని 2008 జూలైలో ఉత్తర్వు ఇచ్చినది ఈ మేయరే. అది శ్లాఘనీయం. కాని మంచి పాలకుడు గనుక గీత దాటనిద్దామంటే, రేపు వచ్చే చెడ్డ పాలకునికి ఆ గీత కనిపించదు. ఊరి బడిలో అమ్మభాష నిలవాలన్నా చట్టాన్నే ఆశ్రయించవలసిన మనకు, సంఖ్యాబలం లేని మనకు, ఆ గీతే కదా రక్ష?

2010 నవంబరులో న్యూయార్క్ ఓటర్లు రెండు పర్యాయాల పరిమితిని పునరుద్ధరించారు. పదవిలో ఉన్నవారి గడువును మండలి మార్చరాదని కూడా శాసించారు. కొలిచే కోల ఎవరి చేతిలో ఉండాలో వారు తేల్చి చెప్పారు. మనమూ ఏమరక ఆ కోలను పట్టుకొని ఉండాలి.