సంతకం ఖరీదు

రాజమండ్రిలో ఒక పాత పెంకుటిల్లు కొనాలనుకుంటున్నానని చెప్పగానే నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఇంజనీర్లయిపోయారు. దూలానికి చెద పట్టిందన్నారు. వాసాలు మార్చాలన్నారు. సున్నపు గోడల మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుందన్నారు. ఒంటరిదానివి, మేస్త్రీలతో వేగలేవు, ఫ్లాటు కొనుక్కోమన్నారు. చెదకు మందుంది, వాసాలకు లెక్కుంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, మేస్త్రీతో మాట్లాడలేనా?

నన్ను ఆపింది వేరే సంగతి. ఆ ఇల్లు తన సంపాదనతో కట్టిన పెద్దాయన వీలునామా రాయకుండానే పోయారు. భార్య అంతకుముందే పోయింది. అమ్ముతున్నది ఇద్దరు కొడుకులు. కూతుళ్లు ముగ్గురున్నారు. "వాళ్ల సంగతి మాకొదిలేయండి మేడమ్. హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పెట్టించేస్తాం, తలా ఒక పట్టుచీర పెడతారు" అన్నాడు మధ్యవర్తి. నాకు సలహాలిచ్చిన ఇంతమందిలో ఒక్కరూ ఆ ముగ్గురి ఊసెత్తలేదు!

1956 హిందూ వారసత్వ చట్టం ఇలాంటి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. ఇస్తూనే 23వ సెక్షన్‌లో మెలిక పెట్టింది. కుటుంబం నివసించే ఇంటిని మగ వారసులు పంచుకుంటే తప్ప, పంచమని కూతురు అడగకూడదు. పెళ్లికానివాళ్లకీ, భర్త వదిలేసినవాళ్లకీ, విడిపోయినవాళ్లకీ, వితంతువులకీ అందులో తలదాచుకునే హక్కు మాత్రం మిగిల్చింది. 2005 సవరణ ఆ సెక్షన్‌ను తీసేసింది. చట్టం వదిలిన మెలికను పట్టుచీర పట్టుకుంది.

"వాళ్లే ఇష్టపడి వదులుకుంటుంటే నీకేం బాధ?" అని స్నేహితురాళ్లే అడుగుతున్నారు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయానికి ఇష్టమని పేరు పెడదామా? చెల్లెలి మీద ప్రేమతో తన వాటా వదులుకున్న అన్నల దస్తావేజులు మీరెన్ని చూశారు? ఆ విడుదల పత్రం నా కొనుగోలుకు రక్షణ కల్పిస్తుంది. ఆ ముగ్గురికీ ఏం కల్పిస్తుంది?

అందుకే నా షరతు చెప్పాను. అమ్మకం దస్తావేజులో ఐదుగురూ అమ్మేవాళ్లుగానే ఉండాలి. ఐదో వంతు సొమ్ము ఎవరిది వారి ఖాతాలోకే వెళ్లాలి. తర్వాత అన్నలకిచ్చుకుంటారో, పిల్లల చదువుకు వాడుకుంటారో వాళ్లిష్టం. చేతికొచ్చింది ఇవ్వడమూ, చేతికి రాకముందే వదులుకోవడమూ ఒకటి కావు.

అన్నదమ్ములకు కోపమొచ్చింది. ఇంకో బేరం చూసుకుంటామంటున్నారు. ఇల్లు చేజారవచ్చు. మండువా లోగిళ్ల మీద బెంగతో మన సాహిత్యంలో ఎన్నో పేజీలు నిండాయి. ఆ లోగిళ్లు ఊడ్చి, అలికి, ముగ్గులు పెట్టిన ఆడపిల్లల వాటా గురించి ఎన్ని నిండాయి? స్త్రీల ఆస్తిహక్కు మీద పత్రాలు సమర్పించే మనం, కొనేవాళ్లమైనప్పుడు కూడా ఆ మాట అడగాలి. దూలం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆడపిల్లలెందరో, వాళ్లకెంత ముడుతోందో అడగండి. నేను అడిగాను. జవాబొచ్చేదాకా అద్దె ఇంట్లోనే ఉంటాను.