నడుము కొలతకు అందని షుగర్

షుగర్, బీపీల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏది చెబితే అదే శాస్త్రమనీ, దాన్ని బస్తీ దవాఖానా దాకా అమలు చేయడమే మన పని అనీ చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. ఆ నమ్మకం తప్పు.

పోషకాహార లోపంతో వచ్చే మధుమేహాన్ని 1985లో ఆ సంస్థే ప్రత్యేక రకంగా గుర్తించింది. 1999లో ఆధారాలు చాలవంటూ జాబితాలోంచి తీసేసింది. రోగులు ఎక్కడికి పోతారు? బక్కపలచని ఒళ్లు, చిన్న వయసు, ఇన్సులిన్ సరిగా ఊరని క్లోమం. వీళ్ల జబ్బు టైప్ 1, టైప్ 2 రెంటికీ వేరని 2022లో వేలూరు సీఎంసీ, న్యూయార్క్ పరిశోధకులు చూపించారు. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దానికి టైప్ 5 అని పేరు పెట్టింది. పాతికేళ్లు వీళ్లను దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు!

దాని ఫలితం ఆశా కార్యకర్త చేతిలోని, జబ్బు ముప్పును లెక్కగట్టే ఫారంలో కనిపిస్తుంది. వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, వ్యాయామం, ఇంట్లోవాళ్ల జబ్బులు: వీటికి మార్కులు. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితేనే మార్కు పడుతుంది. షుగర్ పరీక్షలు ముప్పై దాటినవాళ్ల కోసం. హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో మూటలు మోసే పాతికేళ్ల బక్కమనిషి ఆ వరసలోకే రాడు. వచ్చినా నడుముకు సున్నా, శ్రమకు సున్నా. జబ్బు బయటపడ్డాక కూడా అతనికి 'అన్నం తగ్గించు, బరువు తగ్గు' అనే చెబితే అది వైద్యం కాదు, అన్యాయం.

బీపీ నియంత్రణ కార్యక్రమంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం మేలే చేసింది; 2017లో అది మొదలైన తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. మందులు, పద్ధతులు తెచ్చుకుందాం. ఎవరు రోగో తేల్చడం మాత్రం ఇక్కడి ఒళ్లను చూసి జరగాలి. మన చేతుల్లో ఏముందంటారా? దీర్ఘకాలిక జబ్బులపై ప్రపంచం తొమ్మిది లక్ష్యాలు పెట్టుకుంటే, భారత్ ఇళ్లలోని వంటపొగను పదో లక్ష్యంగా చేర్చుకుంది.

ఇందుకు తగిన సంస్థలూ మన దగ్గరే ఉన్నాయి. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది; ఉష్ణదేశాల్లో క్లోమాన్ని పాడుచేసే జబ్బు జన్యు మూలాలను వెతికిన సంస్థ అది. పక్కనే తార్నాకలో, జొన్నలు తినే పేదల్లో పెల్లాగ్రా అనే పోషకాహార లోప జబ్బు ఎందుకొస్తుందో శోధించిన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ రెండూ ఉప్పల్, నాచారం బస్తీ దవాఖానాలతో కలిసి పద్దెనిమిదేళ్ల నుంచే బక్కవాళ్ల రక్తం పరీక్షించాలి. ఆ ఫారంలో తక్కువ బరువుకూ మార్కు వేయించాలి. ఇందుకు రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట కోసం ఆగనక్కర్లేదు.