విటమినే కదా అని మింగితే..

మెడికల్ షాపుకెళ్లి ‘డి3 60కె’ అంటే చీటీ అడక్కుండానే చేతిలో పెడుతున్నారు. చిన్న సాచెట్, లోపల గ్రాము పొడి. పాలలో కలుపుకుని తాగేస్తే సరి. ఆ గ్రాములో ఉన్నది 60,000 యూనిట్ల విటమిన్ డి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 600 యూనిట్లు. అంటే ఒక్క సాచెట్ వంద రోజుల సరుకు. లోపం బయటపడ్డవారికి వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు వాడమని డాక్టర్లు రాస్తారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అదే సాచెట్‌ను రోజుకొకటి చొప్పున ఏళ్ల తరబడి వేసుకుంటే మొండి జబ్బులు లొంగుతాయన్న ప్రచారంతోనే పేచీ.

ఈ ప్రచారానికి మూలపురుషుడు బ్రెజిల్‌లోని సావో పాలోకు చెందిన న్యూరాలజిస్టు సిసెరో గల్లి కోయింబ్రా. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), సోరియాసిస్, బొల్లి వంటి వ్యాధుల్లో ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేస్తుంది. ఇలాంటి రోగుల శరీరం విటమిన్ డికి సరిగా స్పందించదు కాబట్టి మామూలు మోతాదు చాలదన్నది ఆయన వాదన. ఎంఎస్‌కు ఆయన పద్ధతిలో కిలో బరువుకు రోజుకు సుమారు 1,000 యూనిట్ల దాకా ఇస్తారు. అరవై కిలోల మనిషికి రోజుకో సాచెట్ అన్నమాట. దానికి తోడు కఠిన పథ్యం: పాలు, పెరుగు, జున్ను బంద్. రోజుకు కనీసం రెండున్నర లీటర్ల నీళ్లు. రక్తంలో, మూత్రంలో క్యాల్షియం ఎంతుందో తరచూ పరీక్షలు.

ఆ పథ్యంలో ఏదో రోగహర శక్తి ఉందని చాలామంది నమ్ముతున్నారు. నిజానికి అది జబ్బు మీద పనిచేసేది కాదు, మందు చేసే చెరుపును అడ్డుకునేది. విటమిన్ డి పేగుల నుంచి క్యాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. మోతాదు మించితే ఎముకల నుంచి కూడా లాగుతుంది. రక్తంలో పేరుకున్న క్యాల్షియం ముందుగా మూత్రపిండాల మీద పడుతుంది. ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, మతి స్థిమితం తప్పడం దాని గుర్తులు. వేసవిలో దాహాన్ని ఎవరు పట్టించుకుంటారు? మలబద్ధకాన్ని వయసు మీదకు నెట్టేస్తాం. తీరా మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగాక తెలుస్తుంది. ఈ విటమిన్ కొవ్వులో నిల్వ ఉండిపోతుంది కాబట్టి, సాచెట్ ఆపిన మర్నాడే విషం దిగిపోదు, నెలలు పడుతుంది.

మన దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి సగమే వస్తోంది. మోతాదు వస్తోంది, పథ్యమూ పరీక్షలూ రావడం లేదు. పెరుగన్నంతో తప్ప భోజనం ముగియని ఇళ్లు మనవి. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ సూట్‌కేసులో తెచ్చిన 10,000 యూనిట్ల డబ్బా ఒకటి, ఇక్కడి డాక్టరు రాసిన సాచెట్ ఇంకొకటి, విటమిన్ డి కలిసిన క్యాల్షియం బిళ్ల మరొకటి. మూడూ కలిపి లెక్క కట్టేవారే ఇంట్లో ఉండరు. పోనీ పథ్యాన్నీ అక్షరాలా పాటిద్దామంటే అది మరో చిక్కు. తిరుపతి స్విమ్స్ పరిశోధకుడు సి.వి. హరినారాయణ్ బృందం దక్షిణాది ఆరోగ్యవంతులను పరిశీలించి 2007లో ఇచ్చిన వివరాల్లో, విటమిన్ డి లోపంతో పాటు మన తిండిలో క్యాల్షియం తక్కువనీ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువనీ తేలింది. అసలే క్యాల్షియం చాలని కంచంలోంచి పాలూ పెరుగూ తీసేస్తే ఆ ఎముకల గతేమిటి?

ఇంతకీ కోయింబ్రా ఆలోచన కొట్టిపారేయదగ్గదేనా? పూర్తిగా కాదు. భూమధ్యరేఖకు దూరంగా, ఎండ తక్కువగా ఉన్న దేశాల్లో ఎంఎస్ ఎక్కువ. అమెరికాలో దాదాపు 26,000 మందితో జరిగిన ‘వైటల్’ ట్రయల్‌లో రోజుకు 2,000 యూనిట్లు తీసుకున్నవారిలో ఇలా ఒంటి మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ వ్యాధులు 22 శాతం తక్కువగా వచ్చాయని 2022లో తేలింది. విడి అంకెల్లో చూస్తే విటమిన్ ఇచ్చిన గుంపులో 123 మంది, ఇవ్వని గుంపులో 155 మంది. 2025లో ఫ్రాన్స్ నుంచి మరో ఫలితం వచ్చింది. ఎంఎస్ తొలి లక్షణం కనబడ్డవారికి రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇస్తే, రెండేళ్లలో వ్యాధి కదలిక 74 శాతానికి బదులు 60 శాతం మందిలోనే కనిపించింది. మెచ్చదగ్గ ఫలితమే. కానీ ఆ తేడా ఎక్కువగా ఎంఆర్ఐ ఫిల్ముల్లో కనిపించిందే. రోగి అనుభవించే దాడుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా అది సగటున రోజుకు 7,000 యూనిట్లు, 60,000 కాదు. అమెరికాలో మామూలు ఎంఎస్ మందుకు తోడుగా 5,000 యూనిట్లు ఇచ్చి, 600 యూనిట్లతో పోల్చి చూసిన ట్రయల్‌లో దాడులు తగ్గనే లేదు.

మరి కోయింబ్రా పద్ధతికి ఉన్న ఆధారం? 2013లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం: సోరియాసిస్, బొల్లి ఉన్న 25 మందికి ఆరు నెలలపాటు రోజుకు 35,000 యూనిట్లు. పోల్చి చూడ్డానికి రెండో గుంపే లేదు. మిగిలినవి ఎక్కువగా రోగుల అనుభవ కథనాలు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని ఎవరూ అనరు. కానీ ఎంఎస్ స్వభావమే అంత, దాడి చేసి దానంతటదే వెనక్కి తగ్గుతుంది. వెనక్కి తగ్గే ముందు ఏది మింగితే దానికే ఘనత దక్కుతుంది.

పెద్ద మోతాదుల మోజు కొత్తదీ కాదు. 1930, 40 దశకాల్లో అమెరికాలో కీళ్లవాతానికి రోజుకు లక్షల యూనిట్ల విటమిన్ డి పట్టించారు, క్యాల్షియం విషమించి వదిలేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పసిపిల్లల పాలపొడిలో, తిండిలో దాన్ని ధారాళంగా కలిపారు. పిల్లల రక్తంలో క్యాల్షియం పెరుగుతోందని గమనించి తగ్గించుకున్నారు. ఇటీవలి సంగతీ చూడండి. ఆస్ట్రేలియాలో 70 దాటిన స్త్రీలకు ఏడాదికోసారి ఐదు లక్షల యూనిట్లు ఇస్తే వాళ్లు పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. కెనడాలోని కాల్గరీలో మూడేళ్లపాటు రోజుకు 10,000 యూనిట్లు తీసుకున్నవారి ఎముకల సాంద్రత, 400 తీసుకున్నవారికంటే తగ్గింది. ఎముకల కోసమని వాడే విటమిన్ కథ ఇది!

ఆహారంతో జబ్బు తగ్గదని నేననడం లేదు. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ ట్రయల్‌లో కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీల తిండితో బరువు తగ్గించినవారిలో 46 శాతం మందికి ఏడాది తిరిగేసరికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. కొబ్బరినూనె, సిరిధాన్యాలు, ఉప్పూ నూనె లేని వంట అంటూ తెలుగునాట ఏటా ఒక ఆహార ఉద్యమం పుట్టడానికి కారణాలు నాకర్థమవుతాయి. ఐదు నిమిషాల్లో చీటీ రాసి పంపేసే డాక్టరు దగ్గర దొరకని శ్రద్ధ, రోగికి తాను చేయడానికంటూ ఒక పని అక్కడ దొరుకుతాయి. ఆ ఆకలిని గుర్తించని వైద్యులకూ ఇందులో వాటా ఉంది. అయితే ‘డైరెక్ట్’లో మందులు ఆపింది డాక్టర్ల కనుసన్నల్లో.

కాబట్టి రోజుకు 60,000 యూనిట్లన్నది పోషకాహారం కాదు, మందు. మందులాగే నియంత్రిత ట్రయల్‌లో నెగ్గాలి, అది ఇంతవరకూ జరగలేదు. లోపం ఉంటే డాక్టరు చెప్పినన్ని వారాలు వాడి ఆపేయండి. పాత చీటీతో మళ్లీ కొనకండి. ఇప్పటికే పెద్ద మోతాదులు వాడుతుంటే ఈ వారమే క్యాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని, ఇంట్లోని డబ్బాలన్నీ డాక్టరు ముందు పెట్టండి. ఎంఎస్‌కు వాడుతున్న మందులను మాత్రం విటమిన్‌ను నమ్ముకుని ఆపకండి. మందు ఆపిన కాలంలో నరాలకు జరిగిన నష్టం తిరిగి పూడకపోవచ్చు.