కోనసీమ దళితులతో మనకున్న దరఖాస్తు

2022 మే 24న అమలాపురంలో మంత్రి పినిపే విశ్వరూప్, శాసనసభ్యుడు పొన్నాడ సతీష్‌ల ఇళ్లకు నిప్పు పెట్టారు. జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడమే కారణం. అది దళితుల గొడవ, మనకెందుకని ఊరకున్నవారు మనలోనూ లేకపోలేదు. పొరపాటు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ముడి సడలింది. ముస్లింలకు, క్రైస్తవులకు నేటికీ సడలలేదు. సడలించమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పినా వినిపించుకున్నవారు లేరు. అమలాపురం, రాజోలు ఎస్సీ రిజర్వుడు స్థానాలు; క్రైస్తవుడినని కాగితం మీద రాసుకున్న మాల, మాదిగ అక్కడ నామినేషన్ వేయలేడు. ముస్లిం మెహతరూ అంతే. చర్చి పెద్దలు, మసీదు కమిటీలు ఈ దరఖాస్తును విడివిడిగా ఎందుకు పట్టుకెళ్లాలి? అమలాపురం కలెక్టరేటుకు ఒకే కాగితం మీద రెండు సంతకాలతో వెళ్లవచ్చు. ముందుగా పిలవవలసింది మనమే.