చిన్న లాప్‌టాప్ ఎవరికి కొంటున్నారు?

"తక్కువ ధరలో, తేలిగ్గా ఉండే చిన్న లాప్‌టాప్ ఒకటి చెప్పు." కంప్యూటర్లతో పొట్టపోసుకునే మనందరికీ తప్పని ప్రశ్న ఇది. దీపావళి భోజనాల్లో అడుగుతారు, పిల్లల పుట్టినరోజు పార్టీలో అడుగుతారు, ఇండియా ప్రయాణానికి ముందురోజు రాత్రి ఫోన్ చేసి మరీ అడుగుతారు. ఒకప్పుడు నేను ఠక్కున ఒక మోడల్ పేరు చెప్పేవాణ్ణి. ఇప్పుడు "ఎవరికి?" అని తిరిగి అడుగుతున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఈ బుల్లి లాప్‌టాప్‌ల సందడి 2007 చివర్లో మొదలైంది. తైవాన్ కంపెనీ ఏసస్ "ఈ పీసీ" అని ఒకటి విడుదల చేసింది. (ఏ పీసీ అని అడక్కండి, దాని పేరే అది!) ఏడంగుళాల తెర, 512 మెగాబైట్ల ర్యామ్, 4 గిగాబైట్ల నిల్వ, లోపల లినక్స్, బరువు కిలో లోపే. ఆస్ట్రేలియాలో ధర దాదాపు 500 డాలర్లు. నేను 2011లో మాస్టర్స్ చదవడానికి సిడ్నీ వచ్చినప్పుడు, ఇల్లు ఖాళీ చేస్తున్న సీనియర్ ఒకాయన దాన్ని 60 డాలర్లకు నాకు అంటగట్టాడు. వెస్ట్‌మీడ్ నుంచి సిటీకి వెళ్ళే రైల్లో రెండు సెమిస్టర్ల అసైన్‌మెంట్లు దాని మీదే కొట్టాను. వెబ్ పేజీ సగమే కనిపించేది, కీబోర్డు చిన్నపిల్లల ఆటవస్తువులా ఉండేది. అయినా నాకు ఇబ్బంది అనిపించలేదు. ఏదైనా మొరాయిస్తే ఆ రాత్రే కూర్చుని బాగుచేసుకునేవాణ్ణి. అదొక సరదా కూడా.

అదే రోజుల్లో న్యూ సౌత్ వేల్స్‌లో ఒక పెద్ద ప్రయోగం జరుగుతోంది. కేంద్ర ప్రభుత్వం వారి "డిజిటల్ ఎడ్యుకేషన్ రివల్యూషన్" పథకం కింద 2009 నుంచి ప్రభుత్వ హైస్కూళ్ళలో తొమ్మిదో తరగతి పిల్లలందరికీ లెనోవో వారి చిన్న లాప్‌టాప్‌లు ఇచ్చారు. అవి గొప్ప యంత్రాలేమీ కావు. కానీ వాటితోబాటు స్కూళ్ళలో సాంకేతిక సహాయానికి మనుషుల్ని కూడా నియమించారు. చవక యంత్రాన్ని ఇవ్వడం సులువే, దాని పక్కన ఒక మనిషి ఉండాలన్నది అసలు సంగతి. ఈ మాట నాకు అప్పట్లో తట్టలేదు.

2019లో ఇండియా వెళ్తూ గుడివాడలో ఉండే మా నాన్నగారి కోసం ఒక లాప్‌టాప్ కొన్నాను. 11.6 అంగుళాల తెర, 4 గిగాబైట్ల ర్యామ్, 32 గిగాబైట్ల ఈఎమ్ఎమ్‌సీ నిల్వ, 330 డాలర్లు. ఎయిర్‌పోర్టులో టూరిస్ట్ రిఫండ్ కింద 30 డాలర్లు వెనక్కి కూడా వచ్చాయి. "నాన్న చూసేది పేపరూ, మాట్లాడేది మాతోనూ, అంతకన్నా ఎందుకు?" అనుకున్నాను. నా లెక్క నాకు భలే ముచ్చటేసింది.

మరుసటి ఏడాది మార్చిలో ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేశారు. ఆగస్టులో మా పాప పుట్టింది. మళ్ళీ 2021 నవంబరు దాకా తలుపులు తెరుచుకోలేదు. తాతకి మనవరాలు అంటే తెర మీద బొమ్మే. మొదట్లో లాప్‌టాప్ మీద మాట్లాడేవారు. కొన్నాళ్ళకి ఫోన్లోకి మారారు. "ఇదే హాయిగా ఉందిరా" అన్నారు. నేనూ నమ్మాను.

2022 జనవరిలో ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను. లాప్‌టాప్ తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టి ఉంది. ఆన్ చేస్తే అప్‌డేట్‌కి చోటు లేదని హెచ్చరిక. ఎంత చెరిపినా చోటు చాలదు. వీడియో కాల్ మొదలుపెడితే మాట ఒకవైపు, బొమ్మ ఒకవైపు. ఆ చిన్న తెర మీది అక్షరాలు శుక్లాలున్న కళ్ళకి ఆనవు. "నేనే ఏదో నొక్కి పాడుచేశాననుకున్నాను నాన్నా, నీకు చెబితే బాధపడతావని" అన్నారు. ఆయన పాడుచెయ్యలేదు. కొన్నరోజే అది అంతంతమాత్రం. ఇన్నాళ్ళూ మనవరాలి మొహం ఫోన్లో బొటనవేలంత చూశారాయన, తప్పు తనదే అనుకుంటూ.

సాంకేతికంగా చూస్తే ఇందులో వింతేమీ లేదు. 32 గిగాబైట్లలో సగానికి పైగా ఆపరేటింగ్ సిస్టమే తింటుంది. పెద్ద అప్‌డేట్ రావాలంటే పాతది ఉండగానే కొత్తది విప్పుకోవడానికి ఇంకొన్ని గిగాబైట్లు కావాలి. ఆ నిల్వ బోర్డుకి అతికించి ఉంటుంది కాబట్టి మార్చలేం. మనమైతే ఒక పెన్‌డ్రైవ్ తగిలించి గండం గట్టెక్కుతాం. డెబ్భై ఏళ్ళ మనిషి ఏం చేస్తారు?

"అమ్మావాళ్ళు వాడేది వాట్సాప్, యూట్యూబే కదా, చవకది చాలు" అనే వాదన తరచూ వింటాను. నా దృష్టిలో అది తలకిందుల లెక్క. చవక యంత్రంలో మిగిలిన డబ్బుకి బదులు వాడేవాడి ఓపికా, తెలివితేటలూ ఖర్చవుతాయి. ఆ ఖర్చు మనం భరించగలం, వాళ్ళు భరించలేరు. కాబట్టి బుల్లిది మనకి, మంచిది వాళ్ళకి.

ఇప్పుడు కొనేవారికి నేను చెప్పేది ఇదీ. విండోస్ 11కి 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల నిల్వ చాలునని కాగితం మీద ఉంటుంది. కనీసం అంటే మొదలవుతుందని అర్థం, నడుస్తుందని కాదు. 8 గిగాబైట్ల ర్యామ్, 256 గిగాబైట్ల ఎస్ఎస్‌డీ లేనిదే పెద్దవాళ్ళకి కొనకండి, తెర 14 అంగుళాలకి తగ్గనివ్వకండి. ప్రాసెసర్ గురించి బెంగ అక్కర్లేదు, 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న చిప్‌లు రోజువారీ పనికి చాలు. యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉంటే ఛార్జర్ పోయినా ఊళ్ళో ఇంకోటి దొరుకుతుంది. క్రోమ్‌బుక్ అయితే పదేళ్ళ అప్‌డేట్లు అంటారు, అది మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ వేదిక విడుదలైన రోజు నుంచి. ఆఖరు తేదీ చూసుకుని కొనండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, సెకండ్‌హ్యాండ్‌వి కొనేటప్పుడు ఆ సంగతి మరవకండి.

టూరిస్ట్ రిఫండ్ మాట కూడా చెప్పేస్తాను. ఒకే వ్యాపారి దగ్గర 300 డాలర్లకి తగ్గకుండా కొని, 60 రోజుల్లోపు వెంట తీసుకెళ్తే కట్టిన జీఎస్టీ, అంటే ధరలో పదకొండో వంతు, తిరిగొస్తుంది. ధర పెరిగితే తిరిగొచ్చేదీ పెరుగుతుంది, పిసినారితనానికి ఆ సాకు కూడా లేదన్నమాట.

ఆ ప్రయాణంలో నా 14 అంగుళాల లాప్‌టాప్ నాన్నగారి దగ్గర వదిలేసి, బీరువాలోది నేను తెచ్చుకున్నాను. దానిలో లుబుంటు వేశాను. ఇప్పుడది రైల్లో నా ఒళ్ళో ఉంది, ఈ వ్యాసం దాని మీదే కొడుతున్నాను. నాకు ఇది చాలా బాగుంది. ఆదివారం కాల్‌లో నాన్నగారు మొన్న "పాపకి ముందు పన్ను ఊగుతున్నట్టుందే" అన్నారు. మేమింకా గమనించనే లేదు.