బాయిలర్ బిగిస్తే పని అయిపోయినట్టా?

థర్మోడైనమిక్స్‌లో 'డ్యూ పాయింట్' అంటే మనకి రెండు మార్కుల ప్రశ్న. ఇంగ్లండ్‌లో చలికాలం వచ్చిందంటే ఇంటి గ్యాస్ బిల్లు దాని మీదే ఆధారపడుతుంది.

అక్కడ 2005 నుంచి ఇళ్లలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. పొగలోని ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలే వేడిని కూడా ఇవి వాడుకుంటాయి. షరతు ఒక్కటే: రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉండాలి. బాయిలర్‌ని 80 దగ్గర పెట్టి వదిలేస్తే ఆ లాభం చాలావరకు పొగగొట్టంలోంచి పోతుంది. ఇక అది పేరుకే కండెన్సింగ్!

అందుకే నేననేది, బిగించడం సగం పనే. గ్యాస్ ప్రెషర్ చూసి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచి, ఆ ఇంటికి తగ్గట్టు నీటి వేడి సరిచేసి, ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాకే కమిషనింగ్ పూర్తయినట్టు. ప్రాజెక్టులో ఎల్ఈడీ వెలగగానే 'అయిపోయింది' అనేసే అలవాటు మన కాలేజీల్లోనూ ఉంది. వాడేవాడికి అసలు కథ అక్కడే మొదలవుతుంది.

మాస్టర్స్‌కి అటు వెళ్తున్న మిత్రులారా! అద్దె ఇంట్లో కాంబీ బాయిలర్ ఉంటే, ఓనర్‌ని అడిగి రేడియేటర్ బొమ్మ ఉన్న నాబ్‌ని 60కి తగ్గించి చూడండి. గది వెచ్చబడడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది, అంతే. మూత మాత్రం తీయొద్దు. లోపల చెయ్యి పెట్టాల్సింది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు కాబట్టి, అలారం పనిచేస్తోందో లేదో దిగిన రోజే చూసుకోండి.